రూపాయికి రెండణాల లెక్క

మధ్యాహ్నం రెండు దాటింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో మీరు నిలబడి ఉన్నారు. పక్క షెడ్డులో లారీ బాడీకి రివిట్లు కొడుతున్నారు. ఆ మోతలో మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. ఎదురుగా రోలర్ల వరస. ఈ కొసన చదును రేకు దూరితే ఆ కొసన అలలు అలలుగా జింకు రేకు బయటికొస్తుంది. ఇప్పుడు మాత్రం ఆగి ఉంది. కరెంటు పోయి కాదు, కాయిల్‌ని ఎంత వెడల్పున చీల్పించాలో తేలక.

సంగతి చిన్నదే. ఒక కోళ్ల ఫారానికి రేకులు కావాలి. రేకుకి పది అలలు. మిట్ట నుంచి మిట్టకి 75 మి.మీ. గాడి అడుగు నుంచి మిట్ట నెత్తికి 18 మి.మీ. అంటే తయారైన రేకు వెడల్పు 750. చదునుగా ఉన్నప్పుడు అది ఇంకా వెడల్పుండాలి, మిట్టలెక్కి గాడులు దిగి రావాలి కదా. ఎంత వెడల్పు? సాయంత్రంలోగా స్లిట్టింగ్ వాళ్లకి ఫోన్ చేసి అంకె చెప్పెయ్యాలి. తక్కువ చెబితే చివరి అల పూర్తిగా రాదు, పక్క రేకు మీదికి ఎక్కాల్సిన అంచు ఎక్కదు, మొదటి వానకే కోళ్ల మీద నీళ్లు. ఎక్కువ చెబితే ఆ మిగులంతా కత్తిరించి పారెయ్యడమే. 850లో 10 మి.మీ. పోయిందంటే టన్నుకి దాదాపు 12 కిలోల ఇనుము స్క్రాపులోకి.

మేస్త్రీ ఆలోచించడు. "రూపాయికి రెండణాలు కలపండి," అంటాడు మీ వైపు చూసి. "మా నాన్న కాలం నుంచీ అదే లెక్క."

అణాలు చూడని తరం కోసం: రూపాయికి పదహారణాలు, రెండణాలంటే ఎనిమిదో వంతు. 750లో ఎనిమిదో వంతు 93.75. కలిపితే 843.75. ఆయన నోటితోనే లెక్క కట్టి, "844 చెప్పెయ్," అని తుండుతో మెడ తుడుచుకుంటాడు.

"చాలదు మావయ్యా. మూడున్నర మిల్లీమీటర్లు తక్కువొస్తాది."

అన్నది ఆయన మేనల్లుడు. ఇంజినీరింగ్ రెండో ఏడు. సెలవులకి వచ్చాడు. చేతిలో ఫోను, చెవి మీద సుద్దముక్క.

"ఏరా, ఎన్ని రేకులు తీశావు నువ్వు?"

"ఒక్కటీ తియ్యలేదు. లెక్క మాత్రం తీశాను."

మేస్త్రీ నవ్వుతాడు గాని కోప్పడడు. మీకు కుర్చీ జరిపి, "చూద్దాం కూర్చోండి, టీ వస్తంది," అంటాడు. కుర్రాడు గోడకి ఆనించి ఉన్న ఒక చదును ముక్కని నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని సుద్దతో ఒక అల గీస్తాడు. మీరూ వంగి చూస్తారు.

మొదట వాడు చేసేది అందరికీ తట్టే పనే. వంకరని కొలవలేం, గీతని కొలవగలం. అందుకని వంకర స్థానంలో గీతలు పెడతాడు. పావు అల తీసుకుంటే అడ్డంగా 18.75, నిలువుగా 9. ఏటవాలు గీత పొడవు పైథాగరస్ చెబుతాడు: 20.8. రేకులో ఇలాంటి పావులు నలభై. మొత్తం 831.9.

"అదేంటి, నాకన్నా తక్కువ చెప్తున్నావు?" అంటాడు మేస్త్రీ.

"ఆగు మావయ్యా. ఇది గుడ్డి లెక్క." పావుని రెండు గీతలుగా విరుస్తాడు. మొత్తం 842.8. నాలుగు గీతలు చేస్తాడు, 846.2. ఎనిమిది చేస్తే 847.0. ఫోను మీద వేళ్లు టకటకా ఆడుతున్నాయి.

ఆ అంకెల నడక గమనించండి. ప్రతిసారీ పెరుగుతోందే గాని తగ్గడం లేదు. రెండు బిందువుల మధ్య గీత కన్నా దగ్గరి దారి లేదు కాబట్టి గీతల మొత్తం ఎప్పుడూ వంకర కన్నా పొట్టిదే. ఆర్కిమిడీస్ వృత్తంలో 96 భుజాల బహుభుజి ఇరికించినప్పుడూ ఇదే తంతు, అందుకే ఆయన బయటి నుంచి కూడా ఒకటి చుట్టి, అసలు విలువని రెండింటి మధ్య బంధించాడు. గీతల సంఖ్య రెట్టింపు చేస్తే తప్పు పావు వంతవుతుంది: ఇక్కడ లోటు 15.4, తర్వాత 4.5, తర్వాత 1.15, తర్వాత 0.3. పని నమ్మకమైనదే గాని నత్తనడక. నూరో వంతు మిల్లీమీటరుకి రావాలంటే ఇంకా మూడు సార్లు రెట్టింపు చెయ్యాలి, పావు అలకి అరవై నాలుగు గీతలు.

కుర్రాడు దాన్ని చెరిపేస్తాడు. "ఇప్పుడు ఇంకోలా. ఈ అల మీద ఒక చీమ నడుస్తోందనుకో. అడ్డంగా ఒక మిల్లీమీటరు ముందుకెళ్లాలంటే రేకు మీద ఎంత నడవాలి దానికి?"

మిట్ట నెత్తి మీద ఏటవాలు లేదు. ఒక మిల్లీమీటరుకి ఒకటే నడక. గాడికీ మిట్టకీ సరిగ్గా మధ్యన ఏటవాలు ఎక్కువ. అల సైన్ వక్రం అనుకుంటే అక్కడి వాలు 0.754, అంటే అడ్డంగా ఒకటి వెళ్తే నిలువుగా 0.754 ఎక్కాలి. దాన్ని వర్గం చేసి ఒకటి కలిపి వర్గమూలం తీస్తే 1.2524. చీమ ఒక మిల్లీమీటరు ముందుకెళ్లడానికి ఒకటింపావు నడుస్తోంది. అల పొడవునా ఈ నిష్పత్తి 1కీ 1.2524కీ మధ్య పైకీ కిందకీ ఊగుతుంది. దాని సగటు తెలిస్తే చాలు, 750తో గుణిస్తే చదును వెడల్పు వచ్చేస్తుంది. పుస్తకంలో సమాకలనం గుర్తు వేసి, వర్గమూలం కింద వాలు వర్గానికి ఒకటి కలిపి రాసేది ఈ సగటు కోసమే. ఆ గుర్తు చూసి ఇంటర్లో భయపడ్డవాళ్లు ఎంతోమంది. చీమని చూపించి ఉంటే సగం మందికి ఆ భయం ఉండేది కాదని నా అనుమానం.

"అయితే సమాకలనం చేసెయ్, సూత్రం ఉంటదిగా," అంటారు మీరు.

ఉండదు. సైన్ వక్రం పొడవుకి మామూలు సూత్రం లేదు. వర్గమూలం లోపల కొసైన్ వర్గం ఇరుక్కుంది, దాన్ని మనకి తెలిసిన ప్రమేయాల్లోకి విప్పడం కుదరదు. ఫ్రాన్స్‌లో లెజాండ్రు ఏళ్ల తరబడి ఈ జాతి సమాకలనాలకి పట్టికలు కట్టాడు. సూత్రం దొరకకపోవడం మన చేతగానితనం కాదనీ, అసలు లేదనీ 1830లలో లూవీల్ నిరూపించాడు. ఇక మిగిలింది అంకెలతో సగటు కట్టడమే.

టీ వచ్చింది. మేస్త్రీ గ్లాసు పట్టుకుని గొంతుక్కూర్చుంటాడు. కుర్రాడు పావు అల రెండు కొసల్లోని నిష్పత్తులు రాస్తాడు: 1, 1.2524. సగటు 1.1262. 750తో గుణిస్తే 844.65.

"చూశావా, నా లెక్కే!" మేస్త్రీ తొడ చరుస్తాడు.

"రెండే బిందువులు తీసుకున్నా మావయ్యా. మధ్యలో ఇంకొకటి వేద్దాం." పావు అల మధ్యన నిష్పత్తి 1.1332. కొసలకి సగం బరువు, మధ్యకి పూర్తి బరువు, ఇది ట్రెపిజాయిడల్ రూల్. సగటు 1.1297. మొత్తం 847.29.

ఇంకో రెండు బిందువులు చేర్చి పావుని నాలుగు ముక్కలు చేస్తాడు. 847.30. ఎనిమిది ముక్కలు చేస్తాడు. 847.30.

అంకె కదలడం మానేసింది. గీతల పద్ధతిలో అరవై నాలుగు ముక్కలకి రావాల్సిన చోటికి ఇది రెండు ముక్కలకే వచ్చి కూర్చుంది. మూడు వర్గమూలాలు, అందులో ఒకటి ఒకటే. మీకు సందేహం వస్తుంది. ట్రెపిజాయిడల్ రూల్ అంటే అంత గొప్పదేం కాదని కదా చదువుకున్నాం? ముక్కలు రెట్టింపైతే తప్పు పావు వంతవుతుందని, గీతల పద్ధతి లాగానే మందకొడిదని, మెరుగైన లెక్క కావాలంటే సింప్సన్ సూత్రం వాడమని కదా చెప్పారు?

మీ మొహంలో ఆ ప్రశ్న కుర్రాడికి కనపడినట్టుంది. "సింప్సన్ కూడా వేద్దాం సార్," అంటాడు. అవే మూడు బిందువులు. కొసలకి ఒక్కో బరువు, మధ్యకి నాలుగు, మొత్తాన్ని ఆరుతో భాగించాలి. 1.1309. రేకుకి 848.17. అసలు దానికన్నా 0.87 మి.మీ. ఎక్కువ. పేదదనుకున్న ట్రెపిజాయిడల్ తప్పింది నూరో వంతు మిల్లీమీటరు మాత్రమే. ఘనమైనదనుకున్న సింప్సన్ తప్పు దానికి ఎనభై రెట్లు.

థామస్ సింప్సన్ బతుకు మొదలుపెట్టింది మగ్గం మీద, ఇంగ్లండులో, 18వ శతాబ్దంలో. ఆయన పేరు మోసే సూత్రాన్ని ఆయన కన్నా ముందే కెప్లర్ ద్రాక్షసారా పీపాల ఘనపరిమాణం కట్టడానికి వాడాడు. ఆ సూత్రంలో లోపమేం లేదు. ఈ పని దానిది కాదు, అంతే.

ఎందుకు కాదో రేకు మీద వేలు పెట్టి చూడండి. నిజంగానే పెట్టండి, అంచు తగలకుండా. మిట్ట, గాడి, మిట్ట, గాడి. చీమ నిష్పత్తి కూడా అలాగే ఊగుతోంది, మళ్లీ మళ్లీ అదే ఊపు. ఆ ఊపు ఒకచోట పైకి ఉబ్బితే ట్రెపిజాయిడల్ గీత దాని కిందుగా పోతుంది, ఇంకోచోట లోపలికి నొక్కుకుంటే గీత పైనుంచి పోతుంది. ఒక చోటి లోటు ఇంకో చోటి మిగులుతో చెల్లు. చెల్లుబాటు కాని తప్పు ఎక్కడైనా మిగిలితే అది కొసల దగ్గరే మిగలాలి. ఈ సంగతి 1730లలో ఆయిలర్, మెక్లారిన్ ఎవరికి వారే కనుక్కున్న సూత్రంలో ఉంది: ట్రెపిజాయిడల్ లెక్కలోని తప్పు ప్రధానంగా రెండు కొసల్లో ప్రమేయం ఎంత ఏటవాలుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మన పావు అలకి ఒక కొస మిట్ట నెత్తి, అక్కడ నిష్పత్తి అన్నిటికన్నా తక్కువ. ఇంకో కొస నడుమ, అక్కడ అన్నిటికన్నా ఎక్కువ. రెండు చోట్లా నిష్పత్తి గ్రాఫు చదునుగా ఉంటుంది, వాలు సున్నా. కొసల్లో తప్పు పుట్టే చోటే లేదు.

సింప్సన్ ఏం చేస్తుందంటే, బిందువుల మధ్య పక్షపాతం చూపిస్తుంది. ఒకదానికి నాలుగు, పక్కదానికి రెండు, దాని పక్కదానికి మళ్లీ నాలుగు. మొదలూ చివరా లేని అల మీద ఏ బిందువుకి ఏ బిందువు కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి? ఆ పక్షపాతం వల్ల, అప్పటికే వదిలేసిన రెండు బిందువుల మోటు లెక్క తాలూకు తప్పుని మళ్లీ లోపలికి లాక్కొస్తుంది. అయితే రేకుని అల మధ్యలో ఎక్కడో వంకరగా కోసి, పది అలలా మూడోవంతు కొలవమంటే కథ మారిపోతుంది. అప్పుడు కొసల్లో వాలు ఉంటుంది, ట్రెపిజాయిడల్ మందకొడిదైపోతుంది, సింప్సనే గెలుస్తుంది. ఏ సూత్రం మంచిదన్న ప్రశ్నకి కోత ఎక్కడ పడిందన్నదే జవాబు.

మేస్త్రీ టీ గ్లాసు పక్కన పెడతాడు. ఇంతసేపూ విన్నాడో లేదో తెలీదు. లేచి వెళ్లి, స్క్రాపులోంచి వేలి లావు గొట్టం ముక్క ఒకటీ, పాత బిల్లు కాగితం ఒకటీ తెస్తాడు. గొట్టానికి కాగితం ఒక్క చుట్టు చుట్టి, బ్లేడుతో ఏటవాలుగా తెగ్గోసి, విప్పి మీ చేతిలో పెడతాడు.

కాగితం అంచు ఒక అల. ఒక మిట్ట, ఒక గాడి. రేకు అలే.

"గొట్టాలకి బెండు కట్టేటప్పుడు ఇట్టా కాగితం కోసుకుని గుర్తెట్టుకుంటాం," అంటాడు. "అది ఇదేనా?"

మేనల్లుడు నోరెళ్లబెడతాడు. అది ఇదే. గొట్టాన్ని ఏటవాలుగా కోస్తే కోత అంచు దీర్ఘవృత్తం. కాగితాన్ని విప్పితే అదే అంచు సైన్ వక్రం. కాగితం సాగదు, కుదించుకోదు, కాబట్టి రెండింటి పొడవూ ఒకటే. రేకు మీద ఒక అల పొడవు ఎంతని అడగడమూ, ఒక దీర్ఘవృత్తం చుట్టుకొలత ఎంతని అడగడమూ ఒకటే ప్రశ్న. 75 మి.మీ. చుట్టుకొలత ఉన్న గొట్టం వ్యాసం 23.9. దాన్ని 37 డిగ్రీల వాలున కోస్తే దీర్ఘవృత్తం పొట్టి అక్షం 23.9, పొడుగు అక్షం 29.9.

దీర్ఘవృత్తం చుట్టుకొలత దగ్గరకొచ్చేసరికి ఇద్దరు గుర్తు రావాలి. ఒకరు పాయిజాన్, సంభావ్యత పాఠంలో వచ్చే పాయిజానే. 1820లలో పారిస్‌లో ఆయన దీర్ఘవృత్తం చుట్టుకొలతని ఇదే ట్రెపిజాయిడల్ పద్ధతిలో కట్టి, వేళ్ల మీద లెక్కపెట్టగల బిందువులతో అన్ని దశాంశ స్థానాలు ఎలా కుదిరాయో చూపించాడు. ఇందాక నేల మీద మనం చూసిన వింత అదే. రెండో ఆయన మన రామానుజన్. 1914 నాటి పరిశోధన పత్రంలో దీర్ఘవృత్తం చుట్టుకొలతకి ఒక చిన్న సూత్రం రాసి పెట్టాడు: రెండు అర్ధాక్షాల మొత్తానికి మూడు రెట్లలోంచి ఒక వర్గమూలం తీసేసి, పైతో గుణించడం. ఉజ్జాయింపే, కాని ఎలాంటి ఉజ్జాయింపు! కుర్రాడు ఫోనులో వేస్తాడు. 84.73. పది అలలకి 847.3.

షెడ్డులో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. పక్కన రివిట్లు మాత్రం ఆగలేదు.

"సరే," అంటాడు మేస్త్రీ చివరికి. "నీ అల సైన్ అన్నావు. నా రోలరు సైన్ చదువుకుందా? మిట్టలు గుండ్రంగా ఉంటేనో?"

ఇది గట్టి ప్రశ్న. కుర్రాడు గబగబా వేసి చూస్తాడు. మిట్టా గాడీ అచ్చంగా వృత్తఖండాలైతే, అదే 75, అదే 18, రేకు వెడల్పు 860.4. పదమూడు మిల్లీమీటర్ల తేడా! నూరో వంతు మిల్లీమీటరు కోసం ఇంతసేపూ కొట్టుకున్నాం. ఆకారం ఊహించుకోవడంలోనే దానికి వెయ్యి రెట్లకి పైగా తప్పు దాగి ఉండొచ్చన్నమాట. సైన్ అయితే నడుమ వాలు 37 డిగ్రీలు, వృత్తఖండాలైతే 51. రెండింటి మధ్య తేడా కంటికే తెలుస్తుంది. అయినా కుర్రాడు కోణమాపకం తెచ్చి పాత సరుకులోని ఒక రేకు మీద ఆనించి చూస్తాడు. 37కి అటూ ఇటూ. సైన్ నిలబడింది.

"లోతు కూడా చూడరా," అంటాడు మేస్త్రీ. గోడకున్న వెర్నియర్ ఆయనే దించి ఇస్తాడు.

ఆర్డరు కాగితంలో 18. రేకు ఎడమ అంచున గాడి లోతు 17.6. మీరూ కంటి దగ్గర పెట్టుకుని చదువుతారు, నిజమే, 17.6. కుడి అంచుకి వెళ్తే 18.2. రోలర్లలో ఒక పక్క బిగువు ఎక్కువైంది.

కుర్రాడు మళ్లీ సుద్ద తీస్తాడు. 17 మి.మీ. లోతుకి రేకు 837.5. 18కి 847.3. 19కి 857.5. లోతు ఒక్క మిల్లీమీటరు మారితే వెడల్పు పది మిల్లీమీటర్లు మారుతోంది. మరి 17.6 లోతుకి? 843.4. ఆ అంకె మీద వాడి వేలు ఆగిపోతుంది. రూపాయికి రెండణాలు వేస్తే వచ్చేది 843.75. తాత కాలం నాటి లెక్క తప్పేం కాదు, అది 17.6 లోతు లాగే రోలర్ల లెక్క. ఎవరో ఎప్పుడో చదును రేకు కొలిచి, అల తీసిన రేకు కొలిచి, రెండింటినీ అణాల్లో పెట్టి దాచుకున్న సగటు అది.

"మా నాన్నకి సైన్ తెలీదు," అంటాడు మేస్త్రీ, గర్వంగానో ఊరికేనో.

1829లో లండన్‌లో ఓడరేవు కంపెనీకి ఇంజినీరుగా పనిచేసిన హెన్రీ రాబిన్సన్ పామర్ ఈ ముడతల రేకుకి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి జింకు పూత లేదు, అది 1837 తర్వాతి మాట. పల్చటి రేకు తన బరువుకే వంగిపోకుండా నిలబడేది ఈ అలల వల్లే. లోతు పెరిగిన కొద్దీ బలం పెరుగుతుంది, దాంతోపాటే రేకు ఖర్చూ. కోళ్ల ఫారం ఆయన అడిగింది 18. 17.6తో సరిపెడితే ఆయన కొలిచి చూస్తాడా అన్నది వేరే విషయం. మేస్త్రీకి అది ఇష్టం లేదు.

"ఎడమ పక్క స్క్రూ అరచుట్టు బిగించు. కుడి పక్కది కొంచెం వదులు చెయ్. రెండు పక్కలా 18 రావాలి," అంటాడు. పానా కుర్రాడి చేతిలోకి వెళ్తుంది. "ఎంత చెప్పమన్నావు?"

"847.3."

"దశాంశాలు ఆళ్లకెందుకురా, ఆళ్ల బ్లేడుకే ఓ మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటది."

కుర్రాడు ఒక్క క్షణం లెక్కేస్తాడు. 850 అయితే లోతు 18.25 దాకా పోయినా అల తెగదు. 847 అని చెబితే బ్లేడు ఒక్క మిల్లీమీటరు తగ్గించి కోసినా ఇరుక్కుంటాం. తల ఊపుతాడు.

మేస్త్రీ ఫోను చెవికి పెట్టుకుని, రివిట్ల మోత మీదుగా అరుస్తాడు. "హలో, ఆ... 850 అండీ. ఎనిమిది వందల యాభై. ప్లస్ ఒకటి పర్లేదు, మైనస్ మాత్రం వద్దు."